కార్నివాల్ అను పదము: దాని అర్థము, పుట్టుక, సంఘమునకు అది నేర్పు పాఠము

ఉపోద్ఘాతము

నేడు మన పట్టణములలో కార్నివాల్ అను మాట తరచుగా వినబడుతున్నది. ఫుడ్ కార్నివాల్, షాపింగ్ కార్నివాల్, పాఠశాలల వార్షిక కార్నివాల్ అని గోడలమీద, ఫ్లెక్సీలమీద చూస్తున్నాము. కొన్ని సంఘములలో యౌవనస్థులు తమ క్రిస్మస్ కార్యక్రమమునకు సైతము ఈ పేరు పెట్టుకొనుచున్నారు. దీనిని గూర్చి కాపరులలో రెండు అభిప్రాయములు ఉన్నవి. "ఇది కేవలము సంబరము అను అర్థమిచ్చు ఇంగ్లీషు మాట, దీనిలో ఆలోచించవలసినదేమియు లేదు" అనునది ఒకటి. "ఇది అన్యదేవతల పండుగ, శరీరేచ్ఛలను పూజించు దినము, ఆ పేరునే పలుకరాదు" అనునది రెండవది. మొదటి అభిప్రాయము చరిత్రను మరచినది. రెండవది చరిత్రను సరిగా చదువలేదు.

ఈ మాట సంఘము వెలుపల పుట్టినది కాదు. సంఘ పంచాంగములోనే, నలుబది దినముల ఉపవాసమునకు గుమ్మమువద్ద పుట్టినది. కాబట్టి దీని చరిత్ర చదువుట అనగా మన ఉపవాసముల చరిత్రను చదువుటయే. ఈ వ్యాసములో మొదట పదము యొక్క వ్యుత్పత్తిని, తరువాత ఆ పండుగ ఏర్పడిన విధమును, సంస్కరణోద్యమ కాలములోను తదుపరి కాలములోను దానికి కలిగిన మార్పులను పరిశీలించి, చివరగా కాపరులకు ఉపయోగపడు కొన్ని తీర్మానములను మనవి చేయుచున్నాము.

1. వ్యుత్పత్తిని గూర్చిన మూడు వాదములు

కార్నివాల్ అను మాట ఇంగ్లీషులోనికి 16వ శతాబ్దములో వచ్చినది. అది ఇటాలియన్ భాషలోని "కార్నెవాలే" నుండి వచ్చినదనుటలో సందేహము లేదు. అయితే ఈ కార్నెవాలే ఎక్కడినుండి వచ్చినది అను ప్రశ్నకు మూడు జవాబులు ప్రచారములో ఉన్నవి.

మొదటిది, ప్రసంగములలో ఎక్కువగా వినబడునది: "కార్నె, వాలె", అనగా "మాంసమా, సెలవు" అని. లాటిన్ భాషలో "వాలె" అనునది వీడ్కోలు మాట. వినుటకు ఇది ఎంతో సొంపుగా ఉన్నది. కాని ఇది మాట పుట్టిన తరువాత జనులు దానికి చెప్పుకొన్న అర్థమే గాని, మాట పుట్టిన విధము కాదు. ఎందుకనగా పాత వ్రాతలలో ఆ పదము యొక్క రూపము వేరుగా ఉన్నది.

రెండవది, "కార్రుస్ నవాలిస్", అనగా "ఓడ బండి" అని. ప్రాచీన రోము సామ్రాజ్యములో ఈజిప్టు దేవత ఐసిస్ పేరట మార్చి 5న ఓడను సముద్రములోనికి విడుచు పండుగ ఉండెడిది. 2వ శతాబ్దపు రచయిత అపులేయుస్ తన గ్రంథములోని 11వ భాగములో దానిని, దానిలో వేషములు వేసికొని నడచిన జనులను వర్ణించెను. దీనిని ఆధారము చేసికొని, చక్రములమీద లాగబడు ఓడనుండి కార్నివాల్ పేరు వచ్చినదని 19వ శతాబ్దపు జర్మన్ పండితులలో కొందరు వాదించిరి. అయితే ఐసిస్ పండుగకుగాని, మధ్యయుగపు కార్నివాల్‌కుగాని "కార్రుస్ నవాలిస్" అను పేరు వాడబడినట్లు చూపు ప్రాచీన పత్రము లేదు. ఊరేగింపులో ఓడ బండి ఉన్నంత మాత్రమున పండుగ పేరు దానినుండి వచ్చినదని చెప్పలేము.

మూడవది, నేడు భాషా పండితులలో అధికులు అంగీకరించునది: "కార్నెలెవారె". "కారో, కార్నిస్" అనగా మాంసము. "లెవారె" అనగా ఎత్తివేయుట, తీసివేయుట. మాంసమును భోజనపు బల్లమీదనుండి తీసివేయు దినము అని దీని భావము. రోముకు తూర్పుననున్న సుబియాకో మఠపు దస్తావేజులలో, క్రీ.శ. 965 నాటి పత్రములో, ఈ మాట కాలమును సూచించు పదముగా కనబడుచున్నది. మన ప్రాంతములో "సంక్రాంతికి ఇస్తాను" అన్నట్లే, ఆ కాలమున "కార్నెలెవారె" అనునది సంవత్సరములో అందరికిని తెలిసిన ఒక గడువు. ఇటలీలోని పీసా, మిలాను ప్రాంతముల పాత పలుకుబడులలోను ఈ పొడవైన రూపమే ఉన్నది. కాలక్రమమున నాలుకకు సులువుగా ఉండునట్లు అది కుదించుకొనిపోయి కార్నెవాలే అయినది.

2. ఇతర భాషల సాక్ష్యము

ఒకే భాషలోని మాటను చూచి తీర్పు తీర్చుటకంటె, అదే దినమునకు ఇతర క్రైస్తవ జనములు పెట్టుకొన్న పేర్లను చూచుట మంచిది. స్పెయిన్‌వారు దీనిని "కార్నెస్తొలెందాస్" అనిరి, అనగా "తీసివేయవలసిన మాంసము". ఆ దేశపు మొజారబిక్ ఆరాధన క్రమములో ఉపవాసమునకు ముందటి ఆదివారమునకు దాదాపు ఇదే పేరు ఉన్నది. గ్రీకువారు "అపొక్రియెస్" అందురు, అనగా "మాంసమునుండి దూరము". రష్యనులు పూర్వము "మ్యాసొపుస్త్" అనిరి, అనగా "మాంసమును విడుచుట". వెన్న, పాలు మాత్రమే మిగిలియుండు ఆ తరువాతి వారమును "మాస్లెనిత్స" అనిరి, అనగా "వెన్న వారము". జర్మనుల "ఫాస్ట్‌నాఖ్త్" అనగా "ఉపవాసపు ముందటి రాత్రి". ఫ్రెంచివారి "మార్డి గ్రా" అనగా "కొవ్వు మంగళవారము". ఇంగ్లీషువారి "ష్రోవ్ ట్యూస్‌డే" అనునది పాపములు ఒప్పుకొని క్షమాపణ పొందుటను తెలియజేయు పాత క్రియనుండి వచ్చినది. పోర్చుగీసువారి "ఎంత్రూదో" లాటిన్‌లోని ప్రవేశము అను మాటనుండి వచ్చినది, అనగా ఉపవాస కాలములోనికి ప్రవేశము.

ఈ పేర్లన్నిటిని ఒకచోట పెట్టి చూడుడి. ఒక్కటియు దేవత పేరు కాదు, ఓడ పేరు కాదు. కొన్ని మాంసమును విడుచుటను, కొన్ని కొవ్వును ముగించుటను, కొన్ని ఉపవాసములో ప్రవేశించుటను, ఒకటి పాపపు ఒప్పుకోలును తెలియజేయుచున్నవి. గ్రీకు, స్లావు, లాటిన్ సంఘములు వేర్వేరుగా ఒకే భావముతో పేర్లు పెట్టుకొనుట "కార్నెలెవారె" వాదమునకు బలమైన సాక్ష్యము.

3. "కారో": మాంసమా, శరీరమా?

ఇక్కడ తెలుగు బోధకులు జాగ్రత్తగా గమనించవలసిన విషయము ఒకటి ఉన్నది. కొందరు "కార్నె" అను మాట విని, రోమా 8వ అధ్యాయము, గలతీ 5వ అధ్యాయములలోని "శరీరము" అదియేనని తలంచి, కార్నివాల్ అనగా శరీరేచ్ఛల పండుగ అని వ్యాఖ్యానించుచున్నారు. ఈ పొరపాటు లాటిన్ భాష యొక్క స్వభావమువలన కలుగుచున్నది.

గ్రీకు నూతన నిబంధనలో రెండు మాటలు ఉన్నవి. తినెడు మాంసమునకు "క్రియాస్". మానవ శరీరమునకు, మానవ స్వభావమునకు "సార్క్స్". రోమా 14:21లోను, 1 కొరింథీ 8:13లోను పౌలు వాడినది "క్రియాస్". యోహాను 1:14లో వాక్యము ధరించినది, గలతీ 5:17లో ఆత్మకు విరోధముగా అపేక్షించునది "సార్క్స్". అయితే లాటిన్ వుల్గాతా ఈ అన్ని చోట్లను "కారో" అను ఒకే మాటను వాడినది. మన తెలుగు బైబిలు ఈ విషయములో గ్రీకుకు దగ్గరగా ఉన్నది. తినుదానిని మాంసము అనియు, సార్క్స్‌ను సాధారణముగా శరీరము అనియు చెప్పినది. "రక్తమాంసములు" వంటి సమాసములలో మాత్రము మాంసము అను మాట రెండవ అర్థములో వచ్చును.

కాబట్టి కార్నివాల్‌లోని "కారో" ఈ రెండింటిలో ఏది? గ్రీకువారి పేరే జవాబు చెప్పుచున్నది. అపొక్రియెస్‌లో ఉన్నది క్రియాస్, సార్క్స్ కాదు. అనగా ఇది వంటింటి మాట, పౌలు వేదాంతములోని మాట కాదు. మాటల మూలములనుండి సిద్ధాంతములను అల్లుటలోని అపాయమును జేమ్స్ బార్ 1961లో బైబిలు భాషా అర్థ విచారమును గూర్చిన తన గ్రంథములో హెచ్చరించెను. ఒక మాట యొక్క అర్థము దాని వాడుకలో ఉండును గాని దాని వేరులో దాగియుండదు. ఈ హెచ్చరిక కార్నివాల్ విషయములో మనకు ఎంతో అవసరము.

4. ఉపవాస కాలము ఏర్పడిన విధము

మాంసమును తీసివేయు దినము ఉండవలెనంటే, మాంసమును నిషేధించు కాలము ముందుగా ఉండవలెను. ఆది సంఘములో పునరుత్థాన పండుగకు ముందటి ఉపవాసము చిన్నదిగా ఉండెడిది. 2వ శతాబ్దాంతమున ఐరేనియస్ రోము అధ్యక్షుడైన విక్టరుకు వ్రాసిన లేఖలో, కొందరు ఒక దినము, కొందరు రెండు దినములు, కొందరు ఇంకను ఎక్కువ దినములు ఉపవసించుచున్నారనియు, ఆ భేదము విశ్వాసములోని ఐక్యతను చెరుపలేదనియు తెలిపెను. యుసేబియస్ ఈ లేఖను తన సంఘ చరిత్రలో భద్రపరచెను. క్రీ.శ. 325లో నైసియా మహాసభ తన 5వ కానోనులో "నలుబది దినములు" అను మాటను అందరికి తెలిసినదానివలె వాడినది.

పాశ్చాత్య సంఘములో ఆదివారములు ఉపవాస దినములు కావు. ఆరు వారములలో ఆదివారములు తీసివేయగా 36 దినములు మిగులును. 604లో మరణించిన మహా గ్రెగొరీ ఈ 36 దినములను సంవత్సరములో దశమభాగముగా, దేవునికి చెల్లించు దశమభాగమువలె వివరించెను. తరువాత 7వ శతాబ్ద ప్రాంతమున నలుబది పూర్తియగుటకు ముందు నాలుగు దినములు కలుపబడగా, ఉపవాసము బుధవారమున మొదలాయెను. అదియే మనము భస్మ బుధవారము లేక విభూది బుధవారము అని పిలుచు దినము. మిలాను నగరపు ఆంబ్రోసియన్ ఆచారములో మాత్రము ఉపవాస కాలము నేటికిని ఆదివారమే మొదలగును. అందుచేత అక్కడి కార్నివాల్ శనివారము వరకు సాగును. పండుగ తేదీ ఉపవాసపు లెక్కను వెంబడించుచున్నదనుటకు ఇది చక్కని ఉదాహరణ.

మధ్యయుగములో ఈ నిషేధము మాంసముతో ఆగలేదు. 692 నాటి త్రుల్లో సభ 56వ కానోను గ్రుడ్లను, జున్నును కూడ నిషేధించినది. పశ్చిమమున పాలు, వెన్న కూడ అనేక ప్రాంతములలో మానవలసి వచ్చెను. చార్లెమేన్ చక్రవర్తి సుమారు 785లో సాక్సనుల ప్రాంతమునకు చేసిన చట్టములో, క్రైస్తవ మతమును తృణీకరించి ఉపవాస దినములలో మాంసము తినినవానికి మరణశిక్ష విధింపబడినది. విశ్వాసి ఇష్టపూర్వకముగా చేసిన ఉపవాసము, ప్రభుత్వ శాసనముగా మారినది.

ఇట్టి కఠిన నియమము ఉన్నప్పుడు, దానికి ముందటి దినములలో ఏమి జరుగునో ఊహించుట కష్టము కాదు. ఇంటిలోని మాంసము, కొవ్వు, గ్రుడ్లు పాడుకాకమునుపే ముగించవలెను. ఇంగ్లండులో ఆ మంగళవారమున అట్లు కాల్చుట ఈ అవసరమునుండి వచ్చినదే. మన దేశములో కార్తీకమాసములో మాంసము మానువారు, మాసము మొదలగుటకు ముందు మాంసము వండుకొనుటను మనము చూచుచునే ఉన్నాము. మానవ స్వభావము ఎల్లచోట్ల ఒకటే. కార్నివాల్ మొదట ఒక దేవత పండుగగా కాక, వంటింటి లెక్కగా ఆరంభమైనది.

5. అన్యమత పండుగల ప్రశ్న

అయితే రోమీయుల సాటర్నాలియా, లూపర్కాలియా పండుగలే కార్నివాల్‌గా మారినవను వాదము సంగతి ఏమి? డిసెంబరు 17న మొదలగు సాటర్నాలియాలో యజమానులు దాసులకు భోజనము వడ్డించెడివారు. లూపర్కాలియా ఫిబ్రవరి 15న జరిగెడిది. 5వ శతాబ్దాంతమున రోము అధ్యక్షుడైన గెలాసియస్ దానిలో పాల్గొన్న క్రైస్తవులను తీవ్రముగా గద్దించెను. పోలికలు నిజమే. కాని పోలిక వేరు, వంశావళి వేరు. గెలాసియస్ కాలమునకును, సుబియాకో పత్రమునకును మధ్య దాదాపు 470 సంవత్సరములు గడచినవి. ఒక పండుగ మరియొకటిగా మారినదని చెప్పుటకు ఆ మధ్యకాలపు ఆధారములు గొలుసుగా చూపవలెను. అట్టి గొలుసు లేదు.

ఆది సంఘపు కాపరులు ఎక్కువగా పోరాడినది జనవరి 1 నాటి కలెండ్స్ పండుగతో. ఆర్ల్ నగరపు సిజేరియస్, 6వ శతాబ్దమున, లేడి చర్మములు కప్పుకొనువారిని, స్త్రీ వేషము వేయు పురుషులను తన ప్రసంగములలో ఖండించెను. త్రుల్లో సభ 62వ కానోను కలెండ్స్ పండుగను, నాటక ముసుగులను, ద్రాక్షగానుగవద్ద దియొనీసస్ పేరు పలుకుటను నిషేధించినది. ఈ ముసుగులు, వేషములు వంటి అలవాట్లు తరువాతి కాలపు కార్నివాల్‌లో చోటు చేసికొని ఉండవచ్చును. కావున మేము ఇట్లు తీర్మానించుచున్నాము: కార్నివాల్ పేరు, తేదీ, కారణము క్రైస్తవ ఉపవాసమునుండి వచ్చినవి. దాని వేషములలో కొన్ని అంతకంటె పాతవై ఉండవచ్చును. పాత్ర సంఘముదే. దానిలో పోసినవి మాత్రము అనేక చోట్లనుండి వచ్చినవి.

6. నవ్వు, ఎగతాళి, క్రూరత్వము

1559లో పీటర్ బ్రూగెల్ చిత్రించిన "కార్నివాల్, లెంటుల పోరాటము" అను చిత్రము నేడు వియన్నాలో ఉన్నది. అందులో లావైన ఒకడు మద్యపు పీపామీద కూర్చుండి, తలమీద రొట్టె పెట్టుకొని, మాంసము గ్రుచ్చిన కడ్డీతో యుద్ధమునకు వచ్చుచున్నాడు. ఎదుట ఎండిపోయిన ఆకారముతో లెంటు, చేపలు పెట్టిన తెడ్డు పట్టుకొని, సన్యాసియు సన్యాసినియు లాగుచున్న బండిమీద వచ్చుచున్నది. ఒకవైపు సత్రము, ఒకవైపు దేవాలయము. ఆ చిత్రములో బిచ్చగాండ్రు, వికలాంగులు అనేకులు కనబడుదురు. ఆ కాలపు క్రైస్తవ జీవితమంతయు ఆ రెండింటి మధ్య ఊగిసలాడుచున్నట్లు తోచును.

రష్యన్ పండితుడైన మిఖాయిల్ బఖ్తీన్ 1965లో ప్రచురించిన గ్రంథములో, కార్నివాల్ నవ్వు పేదవారి విడుదల అనియు, ఆ దినములలో రాజు, బంటు అను భేదము తలక్రిందులగుననియు వాదించెను. ఇందులో సత్యము ఉన్నది. కాని సంఘ చరిత్ర చదువువారు రెండవ ప్రక్కను కూడ చూడవలెను. 1466లో పోపు రెండవ పౌలు రోము కార్నివాల్ పరుగుపందెములను నగరపు ముఖ్య వీధికి తెచ్చెను. ఆ వీధికి పందెము అను అర్థమునిచ్చు "కోర్సో" అను పేరు అందువలననే వచ్చెను. ఆ పందెములలో గుర్రములు, గాడిదలతో పాటు యూదులు కూడ పరుగెత్తవలసి వచ్చెను. కాలము గడచినకొలది అది వారిని జనసమూహము ఎదుట అవమానించు ఆటగా మారెను. రెండు శతాబ్దముల తరువాత, 1668లో, పోపు తొమ్మిదవ క్లెమెంటు ఆ పరుగును రద్దుచేసి, దానికి బదులు యూదులు సొమ్ము చెల్లించునట్లు నియమించెను. అవమానము ఆగినది గాని పన్ను మిగిలినది.

ఫ్రాన్సులోని రొమాన్స్ పట్టణమున 1580 కార్నివాల్ సమయములో పన్నుల భారముచేత విసిగిన చేతిపనివారికిని, ధనికులకును మధ్య రేగిన ద్వేషము హత్యాకాండగా ముగిసినది. ఎమ్మాన్యుయేల్ లెరువా లదూరీ 1979లో దీనిమీద వ్రాసిన గ్రంథము ప్రసిద్ధమైనది. నవ్వు పేదవారి ఆయుధము కాగలదు, బలవంతుల ఆయుధమును కాగలదు. ఎవరు ఎవరిని చూచి నవ్వుచున్నారు అనునదే ప్రశ్న.

7. సంస్కరణోద్యమము

సంస్కరణ ఉపవాసపు ప్రశ్నతోనే ఒక నగరములో ఆరంభమైనది. 1522 లెంటు మొదటి ఆదివారమున జూరిక్‌లో ముద్రాపకుడైన క్రిస్టోఫ్ ఫ్రోషౌవర్ ఇంట కొందరు సాసేజీలు, అనగా మాంసము కూరిన ప్రేగులు, కోసుకొని తినిరి. ఫ్రాంక్‌ఫర్టు సంతకు పుస్తకములు సిద్ధపరచు కష్టమైన పనిలో ఉన్నామని ఫ్రోషౌవర్ సమాధానము చెప్పుకొనెను. జ్వింగ్లీ అక్కడ ఉండెను గాని తినలేదు. తరువాత ఆయన ఆహార విషయములో విశ్వాసి స్వాతంత్ర్యమును గూర్చి ప్రసంగించి దానిని ముద్రించెను. ఉపవసింపగోరువాడు ఉపవసించవచ్చును, కాని క్రీస్తు వేయని కాడిని సంఘము వేయరాదు అనునది దాని సారాంశము.

ధనము విషయము కూడ ఇందులో ఉన్నది. వెన్న తినుటకు అనుమతి పత్రములు సొమ్ముకు ఇవ్వబడెడివి. ఫ్రాన్సులోని రూయెన్ పెద్ద దేవాలయపు గోపురములలో ఒకటి "వెన్న గోపురము" అని పేరొందినది. 15వ శతాబ్దాంతమున మొదలైన దాని నిర్మాణమునకు ఇట్టి సొమ్ము వచ్చెనని చెప్పుదురు. లూథరు 1520లో జర్మన్ ప్రభువులకు వ్రాసిన విన్నపములో ఈ వ్యాపారమును ఖండించెను.

ఉపవాస శాసనము తొలగినచోట్ల కార్నివాల్ కూడ సాధారణముగా క్షీణించెను. నూరెంబర్గులో 1539 ఊరేగింపునందు "నరకము" అను ఓడ బండిమీద లూథరన్ బోధకుడైన ఆండ్రియాస్ ఒసియాండర్‌ను ఎగతాళి చేసిరి. ఆయన ఫిర్యాదు చేయగా ఆ ఊరేగింపు ఆగిపోయెను. మునుపు పోపును వెక్కిరించు బొమ్మలను చూచి సంతోషించిన సంస్కరణ పక్షము, తన బోధకుని వెక్కిరించినప్పుడు ఓర్చుకొనలేదు. కాపరులమైన మనము ఇక్కడ కొంచెము ఆగి ఆలోచించవలెను. అయితే బాజెల్ నగరము సంస్కరణను అంగీకరించియు తన ఫాస్నాఖ్త్‌ను విడువలేదు. అది నేటికిని భస్మ బుధవారము తరువాతి సోమవారము తెల్లవారుజామున 4 గంటలకు మొదలగును. ఉపవాసపు పాత లెక్క ఆ తేదీలో నిలిచియున్నది.

8. సముద్రములు దాటిన కార్నివాల్

పోర్చుగీసువారి ఎంత్రూదో బ్రెజిలుకు చేరి, ఆఫ్రికానుండి బలవంతముగా తేబడినవారి వాద్యములతోను నాట్యములతోను కలిసి పెద్ద పండుగ ఆయెను. ట్రినిదాదులో 1783 తరువాత వచ్చిన ఫ్రెంచి కాతోలిక తోటల యజమానులు కార్నివాల్ జరుపుకొనిరి. 1838లో దాసత్వము పూర్తిగా తొలగిన పిమ్మట విడుదలైనవారు దానిని తమ స్వాతంత్ర్యపు పండుగగా చేసికొనిరి. చెరకు తోటలు కాలినప్పుడు తమను తోలుకొనిపోయిన దినములను దివిటీలతో అభినయించిరి. దానిని అణచుటకు 1881లో పోలీసులు ప్రయత్నించగా పెద్ద ఘర్షణ జరిగెను. 1884లో అదే దీవిలో మొహర్రం ఊరేగింపు చేసిన భారతీయ కూలీలమీద పోలీసులు కాల్పులు జరిపిరి. 1845నుండి ఆ దీవికి వెళ్ళిన వలస కూలీలలో మద్రాసు రేవునుండి ఓడ ఎక్కినవారును ఉండిరి. కనుక ఈ చరిత్ర మనకు పూర్తిగా పరాయిది కాదు.

మన దేశములో గోవాయందు ఈ పండుగ కొంకణి భాషలో "ఇంత్రూజ్" అని పిలువబడును. అది ఎంత్రూదో అను మాటయే. 1961లో పోర్చుగీసు పాలన ముగిసిన తరువాత, 1960ల మధ్య భాగములో అది క్రొత్తరూపములో ఊరేగింపుగా మొదలై, పర్యాటకుల ఆకర్షణగా మారినది. "మోమో రాజు" ఊరేగుచు, తినుడి, త్రాగుడి, సంతోషించుడి అని ప్రకటన చేయును. లూకా 12:19లోని ధనవంతుని మాటలు ఎరిగిన విశ్వాసికి ఈ ప్రకటన వినగానే ఆ రాత్రి అతనికి వచ్చిన పిలుపు కూడ జ్ఞాపకము రాక మానదు.

9. కాపరులకు కొన్ని తీర్మానములు

మొదటిది, సత్యము పలుకుదము. కార్నివాల్ అన్యదేవత పేరు అని బోధించుటకు ఆధారము లేదు. వినుటకు బలముగా ఉన్నదని ఆధారము లేని మాటను ప్రసంగ వేదికమీద పలికినయెడల, ఆ యౌవనస్థుడు రేపు నిజము తెలిసికొన్నప్పుడు మన ఇతర మాటలను కూడ అనుమానించును. ఒక కార్యక్రమమునకు ఆ పేరు వద్దని చెప్పవలసివస్తే, ఆ మాట నేటి వాడుకలో ఏమి తెలియజేయుచున్నదో, సంఘ సాక్ష్యమునకు అది తగునో లేదో వివరించి చెప్పవలెను. క్రిస్మస్ ఆరాధనకు అమ్మకముల సంత పేరు పెట్టుట తగునా అను ప్రశ్న న్యాయమైనదే.

రెండవది, ఉపవాసమును గూర్చి ఆలోచింతము. జెకర్యా 7:5-6లో దేవుడు తన జనులను రెండు ప్రశ్నలు అడిగెను: మీరు ఉపవసించినది నాకొరకేనా, మీరు తినినది మీకొరకే కాదా అని. కార్నివాల్‌కును లెంటునకును కలిపి ఒకే పరీక్ష ఇది. మన సంఘములలో అనేకులు ఈ నలుబది దినములు మాంసము మానుచున్నారు. అది మంచి క్రమశిక్షణయే. అయితే మంగళవారపు విందును, పునరుత్థాన దినపు విందును లెక్కించుచు మధ్య దినములను గడుపుట ఉపవాసము కాదు, వాయిదా మాత్రమే. యెషయా 58 కోరిన ఉపవాసము ఆకలిగొనినవానికి ఆహారము పెట్టుటలోను, కాడిమాను విరుగగొట్టుటలోను ఉన్నది. మానిన మాంసపు ఖర్చు ఎవరి పళ్ళెములోనికి వెళ్ళినదని అడుగుట కాపరి ధర్మము.

మూడవది, శాసనము భక్తిని పుట్టింపలేదు. రోమను కాతోలిక సంఘమే 1966లో పోపు ఆరవ పౌలు ఆజ్ఞచేత ఉపవాస నియమములను ఎంతో తగ్గించినది. ఐరోపాలోని అనేక నగరములలో నేడు కార్నివాల్ ఘనముగా జరుగుచున్నది గాని, దాని తరువాత ఉపవసించువారు కొద్దిమందియే. వీడ్కోలు విందు మిగిలినది, వీడ్కోలు మాత్రము లేదు. ఆచారమునుండి కారణము తొలగిపోయినప్పుడు ఏమి మిగులునో ఇది చూపుచున్నది. మన ఆచారములను కూడ ఈ వెలుగులో పరీక్షించుకొనవలెను.

నాలుగవది, ఒక్క దినపు సమానత్వము చాలదు. సాటర్నాలియాలో యజమాని ఒక్క పూట వడ్డించెను, మరునాడు దాసుడు దాసుడే. కార్నివాల్‌లో బిచ్చగాడు ఒక్క దినము రాజాయెను, బుధవారము బిచ్చగాడే. మన గ్రామ సంఘములలో పండుగ దినమున అందరు ఒకే పంక్తిని కూర్చుండి, మరునాడు ఎవరి వాడకు వారు, ఎవరి గిన్నెకు వారు అయినయెడల, మనమును ఒక్క దినపు కార్నివాల్ చేసికొన్నట్లే. లూకా 1:52లో మరియ పాడిన మార్పు వేషముతో వచ్చి వెళ్ళునది కాదు. యోహాను 13లో పాదములు కడిగిన ప్రభువు మరునాడు ఆ తువాలును విడిచి యజమానుడై కూర్చుండలేదు, సిలువకు వెళ్ళెను.

ముగింపు

"కారో" అను లాటిన్ మాటనుండి రెండు పదములు క్రైస్తవ లోకములోనికి వచ్చినవి. ఒకటి కార్నివాల్, మాంసమును తీసివేయుట. రెండవది ఇన్‌కార్నేషన్, శరీరధారణ. మొదటిది సంఘము తన పంచాంగములో కల్పించుకొన్న దినపు పేరు. రెండవది దేవుడు మన మధ్య చేసిన కార్యపు పేరు. సంఘ చరిత్రలో మనము తరచుగా మొదటిదానిని గూర్చి, అనగా ఏమి తినవలెను, ఏమి మానవలెను, ఎప్పుడు తినవలెను అనుదానిని గూర్చి కలహించితిమి. వాక్యము శరీరధారియైనప్పుడు ఆయన పెండ్లి విందులోను కూర్చుండెను, అరణ్యములో నలుబది దినములు ఉపవసించెను. ఆయనకు విందును ఉపవాసమును రెండును తండ్రి చిత్తము జరిగించుటకే. రానున్న లెంటు దినములకు సిద్ధపడు మన సంఘములకు కాపరులు ముందుగా ఈ సంగతిని బోధించుట మంచిదని మా మనవి.